మిణుకు ఏం తింటది?

బండమోతు భూమ్మీద ఎక్కడా లేదు. ఇంకా అచ్చుకు వెళ్లని ఒక ఫాంటసీ నవలలో ఉంది. ఏనుగంత ఒళ్లు, రాతిపలకల్లాంటి వీపు, పుట్టుగుడ్డి. గుట్టల మధ్య నెమ్మదిగా తిరుగుతూ బండల మీది నాచు గీకి తింటుంది. దాని వీపు పలకల సందుల్లో మిణుకులు కాపురం ఉంటాయి. పిడికెడంత జీవులు, బల్లికీ పిట్టకీ మధ్య రకం. చీకటి పడితే గొంతు కింద వెలుగుతాయి. కళ్లు మిణుకువి, కాళ్లు బండమోతువి. మిణుకు కుడి పలక మీద ముక్కుతో కొడితే బండమోతు కుడికి తిరుగుతుంది. చలికాలం రాత్రుల్లో పెద్దదాని ఒంటివేడి చిన్నవాటిని బతికిస్తుంది. జతలో ఒకటి చస్తే రెండోది తిండి మానేస్తుంది. మూడొందల పేజీల రాతప్రతిలో ఈ రెంటి మధ్య ఒక్క పొరపొచ్చమైనా రాదు.

మొదటి పాఠకుడికి మింగుడుపడనిది అదే. ఆయన రచయిత్రికి స్వయానా మేనమామ. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరై హుజూరాబాద్‌లో ఉంటున్నాడు. పన్నెండో పేజీ అంచున ఎర్రసిరాతో ఒకే ముక్క రాసి పంపాడు: “మిణుకు ఏం తింటది?” మేనకోడలు ఫోన్‌లో జవాబు చెప్పి ఊరుకునే రకం కాదు. ఆదివారం హైదరాబాద్‌లో బస్సెక్కి వచ్చింది.

“ఏం తింటదేంది మామా? బండమోతు వీపుకు పట్టే పురుగుల్ని తింటది. దానికి దురద పోతది, దీనికి కడుపు నిండుతది. ఇందుల అడగడానికి ఏమున్నది?”

“బర్రె మీద గోరింక వాలితే మనం అట్లనే అనుకుంటం బిడ్డా. ఆఫ్రికాల ఆక్స్‌పెకర్ అని ఎర్రముక్కు పిట్ట ఉన్నది. ఖడ్గమృగాల మీద, దున్నల మీద, పశువుల మీద బతుకుతది. గోమార్లు ఏరి తింటది కాబట్టి పశువుకు మేలని అన్ని పుస్తకాలల్ల రాసిన్రు. పాల్ వీక్స్ అనే ఆయన జింబాబ్వేల కొన్ని ఎడ్ల మీదికి ఆ పిట్టల్ని రానియ్యకుంట చేసి చూసిండు. గోమార్ల లెక్కల తేడా రాలేదు. పిట్టలు వాలిన ఎడ్లకు మాత్రం పుండ్లు మానడం ఆలస్యమైంది. అవి పుండు కెలికి నెత్తురు తాగుతయి. చెవిల గుబిలి కూడ తింటయి. 2000 సంవత్సరంల అచ్చయింది ఆ పేపరు.”

మిణుకు ముక్కు సూదిలా ఉంటుందని రాసింది రచయిత్రే. ఆ వాక్యం కింద కూడా ఎర్రగీత ఉంది.

“నువ్వు సగం పేపర్లే చదువుతవు మామా,” అంది ఆమె. “2020ల ఇంకోటి వచ్చింది. సౌతాఫ్రికాల హ్లుహ్లువే-ఇంఫొలోజి పార్కుల నల్ల ఖడ్గమృగాల మీద. వాటికి చూపు సరిగ ఆనదు. మనిషి దగ్గరికి వస్తుంటే, పిట్టల్లేని ఖడ్గమృగం నూటికి 23 సార్లే పసిగట్టింది. పిట్టలున్నది ప్రతిసారీ పసిగట్టింది, అదీ మనిషి ఇంకా 61 మీటర్ల దూరంల ఉన్నప్పుడే. స్వాహిలీల ఆ పిట్టను ఖడ్గమృగం కావలివాడు అనే పిలుస్తరు. నా మిణుకు చేసేది కూడ కావలే.”

“మరి నెత్తురు సంగతి?”

“కావలికి జీతం అనుకో.”

“జీతం! ఆ మాట నీ నవలల ఏ పేజీల ఉన్నది?”

తన మాటను ఎదుటివాళ్ల నోటితో అనిపించడం లెక్చరర్ల పాత విద్య. మేనకోడలు ఒక్క క్షణం చిక్కింది. తేరుకుని ఆమె వేసిన ఎదురుప్రశ్న మాత్రం ఆ రోజు సంభాషణలోకెల్లా పదునైనది.

“జీతం, అద్దె, బాకీ. ఇవి ఎవరి మాటలు మామా? బండల మీది లైకెన్ ఒక్క జీవి కాదు, శిలీంద్రమూ నాచూ కలిసిన జంట అని 1860లల్ల ష్వెండెనర్ చెప్పిండు. చెప్పి ఏమన్నడు? శిలీంద్రం యజమాని, నాచుకణాలు దాని బానిసలు అన్నడు. 1879ల డి బారీ వచ్చి, వేర్వేరు జీవులు కలిసి బతకడమే సహజీవనం అన్నడు, లాభనష్టాలు ఎత్తలేదు. 1902ల క్రొపోట్కిన్‌కు ప్రకృతిల పరస్పర సహాయం కనవడ్డది. 1994ల నోయె, హామర్‌స్టైన్ అదంతా మార్కెట్ అన్నరు. ఏ కాలంల బతికినోళ్లు ఆ కాలపు కథ చెప్పిన్రు. మీ సైంటిస్టులు కథలు చెప్పొచ్చు, నేను చెప్పొద్దా?”

ఈ దెబ్బకు మామ దగ్గర సూటి జవాబు లేదు. ఉన్నట్టు నటించలేదు కూడా. మాటలు వదిలేసి మొక్క దగ్గరికి వెళ్లాడు.

“పేర్లు ఏమన్న పెట్టుకోనీ. ఆదిలాబాద్ దిక్కు సోయా చేన్ల ఒక మొక్క పీకి వేరు చూడు. ఆవగింజ నుంచి శనగగింజ దాక బుడిపెలుంటయి. గోటితోని చిదిమితే లోపల ఎరుపు కనిపించిందా, అందుల బాక్టీరియా పని చేస్తున్నట్టు. గాలిల నైట్రోజన్ పట్టి మొక్కకు ఇస్తయి, మొక్క వాటికి చక్కెర పెడతది. 2003ల టోబీ కియర్స్, ఆమెతోని పనిచేసినోళ్లు ఒక తమాష చేసిన్రు. బుడిపెల చుట్టు నైట్రోజన్ తీసేసి ఆర్గాన్ నింపిన్రు. బాక్టీరియా పని చేద్దామన్న సరుకు లేదు. మొక్క ఏం చేసిందో ఎరికేనా? ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించింది. పని జరిగే బుడిపెలతోని పోలిస్తే అండ్ల బాక్టీరియా సగమే పెరిగింది. యజమాని అను, తోడు అను, ఏమన్న అను. కొలిచి చూస్తే తేడా అంతే వస్తది.”

“అది నీ చేను. ఇది నా అడవి. ఎగిరే గుర్రానికి రెక్కలాడించే కండలెక్కడివి అని అడిగేటోళ్లుంటే చందమామ ఒక్క సంచిక నడిచేదా?”

“కండలు నేను అడగను. గొంతు వెలగనీ, బండలు మాట్లాడనీ, ఆకాశం ఆకుపచ్చగుండనీ. ఇచ్చిపుచ్చుకునుడు ఒక్కటి మార్చకు. చదివేటోనికి మిణుకు తెల్వదు గని ఉమ్మడి కుటుంబం తెలుసు. కలిసి బతికేకాడ ఒకరు ఎక్కువ మోస్తరు, ఒకరు తక్కువ మోసి ఎక్కువ చెప్పుకుంటరు. అది లేకపోతే నీ అడవిని ఎవడు నమ్మడు.”

వాదం అసలు ముడి ఇక్కడుంది. కల్పిత జీవుల విషయంలో పాఠకుడు ఒంటి నిర్మాణాన్ని క్షమిస్తాడు, సంబంధాన్ని క్షమించడు. పంచతంత్రంలో భారుండ పక్షి ఉంది: ఒకే కడుపు, రెండు తలలు. ఒక తలకు అమృతం లాంటి పండు దొరికింది, రెండో తల అడిగినా పెట్టలేదు. ఎట్లాగూ ఒక కడుపులోకే కదా అనేది మొదటి తల వాదన. మనసు విరిగిన రెండో తల విషపుపండు తింది. ఇద్దరూ పోయారు. అలాంటి పక్షి రక్తప్రసరణ ఎట్లా సాగుతుందని ఆ కథ విన్న పిల్లవాడు ఎవడూ అడగడు. రుచి ఒకరికి, కడుపు ఇద్దరికీ అన్న ఏర్పాటు మాత్రం వెంటనే పట్టుకుంటాడు.

మేనకోడలు దీనికి హెరోడోటస్‌ను పట్టుకొచ్చింది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఆయన నైలు మొసలి గురించి రాశాడు. అది ఒడ్డున నోరు తెరుచుకుని పడుకుంటే ఒక పిట్ట లోపలికి వెళ్లి జలగలు ఏరి తింటుందట, మొసలి దాన్ని ఏమీ చేయదట. ఆ పని జరుగుతుండగా చూసినట్టు నమ్మదగిన ఆధారం ఇప్పటికీ లేదు. అయినా కథ ఇరవైనాలుగు శతాబ్దాలు దాటి పిల్లల పుస్తకాల్లో బొమ్మలతో సహా నడుస్తోంది.

“చూడు. కొట్లాట లేదు, మోసం లేదు, బాకీ లేదు. అయినా ఎన్నేండ్లు బతికింది?”

“కొట్లాట లేదా? మొసలి నోరు ఉన్నది గద! ఎప్పుడు మూస్తదోనని చూస్తనే ఉంటరు అందరు. నీ బండమోతుకు అసలు నోరే లేదు.”

ఇది మామ గెలిచిన పాయింటే. మేనకోడలు తగ్గలేదు, మాట్లాడే పిట్ట దగ్గరికి వెళ్లింది. మొజాంబిక్‌లోని నియాసాలో యావో జాతివాళ్లు తేనెకు వెళ్తూ నాలుక ఆడించి ఒక గుర్రుమనే శబ్దం చేసి, చివర చిన్న హుంకారం జోడిస్తారు. అది విని హనీగైడ్ అనే పిట్ట వచ్చి, చెట్టునుంచి చెట్టుకు ఎగురుతూ తేనెపట్టు దాకా తీసుకుపోతుంది. మనిషి పొగబెట్టి, గొడ్డలితో చెట్టు చీల్చి తేనె తీసుకుంటాడు. మైనం పిట్టకు. క్లేర్ స్పాటిస్‌వుడ్ బృందం 2016లో దీన్ని కొలిచింది. ఆ పిలుపు వాడితే తేనెపట్టు దొరికే అవకాశం 16 శాతం నుంచి 54 శాతానికి పెరిగింది. ఎవరూ పెంచని, గూటిలో పెట్టని అడవి పిట్ట ఇది. యావోలు పిట్ట వాటా మైనాన్ని పచ్చి ఆకుల మీద పరిచి మరీ పెడతారు.

“పచ్చి ఆకుల మీద మామా. అది జీతమిచ్చే పద్ధతి కాదు, చుట్టానికి పెట్టే పద్ధతి.”

“బాగుంది. టాంజానియాల హడ్జా వాళ్లు ఏం చేస్తరో చెప్పాల్నా? మిగిలిన మైనాన్ని పూడుస్తరు, కాలుస్తరు. పిట్ట కడుపు నిండితే మళ్ల దారి చూపదని. ఇగ ఆ పిట్ట సంగతి. అది వేరే పిట్టల గూట్ల గుడ్డు పెడతది. దాని పిల్ల కండ్లు తెరవకముందే, ముక్కు కొనకు ఉండే కొక్కెంతోని ఆ ఇంటి పిల్లల్ని పొడిచి పొడిచి చంపుతది. నీకు చుట్టమైన పిట్టే. ఇద్దరికీ ఒక్క మొఖం చూపించదు.”

ఆ కొక్కెం మాట రచయిత్రి వెంటనే నోట్‌బుక్‌లో రాసుకుంది. వాదిస్తూనే ఎదుటివాళ్ల సరుకు దాచుకోవడం రచయితలకు మామూలే.

తర్వాత ఆమె పట్టు మార్చింది. గొడవ పడాలంటే ఇద్దరు ఉండాలి, కలయిక ముదిరితే ఇద్దరు మిగలరు కదా అంది. మన ఒంటి కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాలు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా. లిన్ మార్గులిస్ ఆ మాట రాసిన పేపర్‌ను పదిహేను దాకా పత్రికలు తిప్పికొట్టాక 1967లో ఒకటి వేసుకుంది. ఇప్పుడది పాఠ్యపుస్తకాల సంగతి. ఆస్ట్రేలియా చెదపురుగు కడుపులో మిక్సోట్రైకా పారడాక్సా అనే ఏకకణ జీవి ఉంటుంది. 1933లో చూసినవాళ్లు దాని ఒంటినిండా నూగులాంటి సీలియాలున్నాయని రాశారు. 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఆ నూగు దానిది కాదని తేలింది. ఒంటికి అంటుకుని ఒకే లయలో ఆడుతున్న స్పైరోకీట్ బాక్టీరియా అవి.

“ఆ జీవి ఎవరు మామా? ఈదేదా, ఈదించేదా? నా బండమోతు, మిణుకు అంత దగ్గరైనయి అనుకో. ఇగ ఎవరు ఎవర్ని మోసం చేస్తరు?”

“చెప్పులేసుకో,” అన్నాడు మామ.

హుజూరాబాద్, జమ్మికుంట చుట్టుపక్కల సీడ్ కంపెనీలకు హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. రైతులు దాన్ని ఆడ మగ వరి అంటారు. ఆడ వరుసలు కొన్ని, మగ వరుసలు కొన్ని, మళ్లీ ఆడవి. యాసంగి వరి పూతకు వచ్చే రోజుల్లో, పొద్దెక్కి కంకులు విచ్చుకునే వేళకు, ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి పొడుగు తాడు పట్టుకుని పైరు మీదుగా లాక్కుంటూ పోతారు. తాడు తగిలిన మగ కంకుల నుంచి సన్నటి పసుపుదుమ్ము లేచి ఆడ వరుసల మీదికి వాలుతుంది. గాలి మరీ ఎక్కువున్నా కష్టమే, బొత్తిగా లేకున్నా కష్టమే. వాన పడితే ఆ రోజు పని పోయినట్టే. పూత ముగిసి గింజ పట్టాక మగ వరుసలు ముందే కోసి బయటికి తీస్తారు, విత్తనంలో కలవకుండా.

మామ గట్టు మీద నిలబడి ఒక ఆడ కంకి తుంచి అరచేతిలో పెట్టాడు. కేసరాలు పాలిపోయి, సన్నగా, ఎండు నూలుపోగుల్లా ఉన్నాయి. పక్క వరుసలోంచి తెంచిన మగ కంకిలో అవే నిండుగా, పచ్చగా ఊగుతున్నాయి.

“ఈ ఆడ వరి పుట్టుకతోని ఆడది కాదు. వరిపువ్వుల రెండూ ఉంటయి. దీన్ల మగతనం చచ్చింది. చంపింది ఎవరనుకున్నవు? దాని కణాలల్ల ఉన్న మైటోకాండ్రియా. నువ్వు ఒక్కటైపోయినయన్న జంటల ఒకటి. మైటోకాండ్రియా గింజ ద్వారానే కిందితరానికి పోతది, పుప్పొడి ద్వారా పోదు. పుప్పొడి దానికి దారి మూసుకుపోయిన సందు. అందుల పెట్టే ఖర్చు దండుగ. అందుకే పుప్పొడిని ఎండబెట్టే జన్యువు అండ్ల పుట్టినా దానికి నష్టం లేదు. 1970ల హైనాన్ దీవిల యువాన్ లాంగ్‌పింగ్ మనుషులకు అట్లాంటి అడవి వరి దొరికింది. దాని సంతానమే ఈ ఆడ వరుసలు చాల మట్టుకు. ఇంకో వింత చూడు, కేంద్రకంల ఆ జన్యువు నోరు మూసే జన్యువులున్నయి. మగ వరి అవి తెచ్చి ఇస్తది కాబట్టే రైతు పొలంల హైబ్రిడ్ గింజ పడుతున్నది. వంద కోట్ల ఏండ్లు దాటిన కాపురం. ఇంక పంచాయతి తెగలేదు.”

రచయిత్రి ఆ కంకిని రుమాలులో చుట్టుకుంది. ఒప్పుకున్నట్టు మాత్రం చెప్పలేదు. తిరిగి వస్తూ దారిలో సాహిత్యం మాట్లాడింది, అక్కడైతే మామ ఆమె ఇలాకాలోకి వచ్చినట్టు.

ఆక్టేవియా బట్లర్ 1984లో రాసిన బ్లడ్‌చైల్డ్ కథ మామ చదవలేదు. వేరే గ్రహానికి పారిపోయిన మనుషులకు జెర్రి లాంటి పెద్ద జీవులు ఆశ్రయమిస్తాయి. బదులుగా మనుషుల ఒంట్లో, మగపిల్లల ఒంట్లో కూడా, గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడం ఆలస్యమైతే మోసినవాణ్ని లోపలినుంచి తినేస్తాయి. దానికి హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. అది బానిసత్వం కథ అన్నవాళ్లతో బట్లర్ ఒప్పుకోలేదు. ప్రేమకథ అంది, పరాయి చోట బతికేందుకు కట్టే అద్దె కథ అంది.

“గదే గద నేను పొద్దటిసంది మొత్తుకునేది!” అన్నాడు మామ.

“ఆగు. ఆమె అద్దె అన్నది, ప్రేమ అని కూడ అన్నది. నువ్వు ఒకటే వింటున్నవు.”

ఓలాఫ్ స్టేపుల్డన్ 1937లో రాసిన స్టార్ మేకర్ కూడా ఆమె చెప్పింది. అందులో ఒక నీటిలోకంలో చేపలాంటి జాతి, సాలీడుకూ పీతకూ దగ్గరగా ఉండే జాతి ఉంటాయి. ఒకదాన్నొకటి దాదాపు తుడిచిపెట్టేదాకా యుద్ధం చేసుకుని, చివరికి జంటలుగా బతకడం నేర్చుకుంటాయి. తరాలు గడిచేసరికి విడిపోతే బతకలేనంతగా ఒళ్లు కూడా కలిసిపోతాయి. ఈ నవల విషయంలో ఈ వ్యాసకర్త ఓటు మేనకోడలికే. అంత కలయికను స్టేపుల్డన్ నమ్మించగలిగాడు. మామ మాత్రం, ముందు యుద్ధం రాశాడు కాబట్టే అన్నాడు. అదీ నిజమే.

సాయంత్రం చాయ్ దగ్గర చర్చ చివరి అధ్యాయానికి వచ్చింది. నవల ముగింపులో మిణుకులన్నీ ఏకమై ఆఖరి గుట్టపులిని చంపుతాయి. ఇక వేటాడేవాడు లేడు, బండమోతులూ మిణుకులూ హాయిగా బతుకుతాయి. ఆ పేజీలో ఎర్రసిరా ఎక్కువగా ఉంది.

“కెన్యాల విజిల్ థార్న్ అనే తుమ్మజాతి చెట్టు ఉన్నది,” అన్నాడు మామ. “ముండ్ల మొదట్ల ఉబ్బిన బుర్రలుంటయి, అండ్ల చీమలుంటయి. చెట్టు ఇల్లిస్తది, తేనె ఇస్తది. ఏనుగో జిరాఫీయో మూతి పెడితే చీమలు మూకుమ్మడిగ కరుస్తయి. 1995ల కొన్ని చెట్ల చుట్టు కంచె కట్టి, మేసే పెద్ద జంతువుల్ని రానియ్యలేదు. పదేండ్లకు చెట్లు ఎట్లుండాలె? మస్తుగ ఉండాలె. టాడ్ పామర్ వాళ్లు 2008ల ఏం రాసిన్రో తెలుసా? శత్రువు రాకపోయేసరికి చెట్టు బుర్రలు తగ్గించింది, తేనె తగ్గించింది. పస్తులున్న చీమలు రసం పీల్చే పొలుసు పురుగుల్ని సాకుడు మొదలువెట్టినయి. కొన్ని చెట్లను ఇంకో రకం చీమలు ఆక్రమించినయి. వాటికి కావలి పట్టదు, కాండం తొలిచే పురుగు చేసిన బొక్కలల్ల కాపురముంటయి. చెట్ల పెరుగుదల పడిపోయింది, చావులు పెరిగినయి. కంచె లోపల, ఏనుగు మూతి తగలని చెట్లు!”

రచయిత్రి చాయ్ గ్లాసు కింద పెట్టింది. “అంటే గుట్టపులి చచ్చినంక బండమోతుకు కావలి అక్కర్లేదు.”

“అక్కర్లేదు.”

“వీపు పలకలు దగ్గరికి మూసుకుంటది. సందులు ఉండవు.”

“ఉండవు.”

“అంటే నా ఆఖరి చాప్టర్ మొదటి చాప్టర్ కావాలె. ముందటి మూడొందల పేజీలు?”

“అందుల మంచి పేజీలు శానా ఉన్నయి. పుట్టిన బండమోతు పిల్ల మొదటి మిణుకు దొరికేదాక గుడ్డిగ తిరిగే పేజీ బాగుంది. హవాయిల బాబ్‌టెయిల్ స్క్విడ్ పిల్ల గట్లనే పుడతది. వెలుగునిచ్చే బాక్టీరియాను సముద్రంల ఉన్న ఎన్నో రకాలల్లకెల్లి ఏరుకుని కొన్ని గంటలల్ల ఒంట్లెకు తెచ్చుకుంటది. రోజూ తెల్లారంగనే 95 శాతం బయటికి నెట్టి, మిగిలిందాన్ని రాత్రికి మళ్ల పెంచుకుంటది. నువ్వు అది చదివి రాసినవా?”

“లేదు. ఊహించి రాసిన.”

ఆ జవాబుకు మామ చాలాసేపు నవ్వాడు, రాతప్రతిలో ఆ పేజీ మీద ఉన్న చిన్న గీతను కూడా కొట్టేశాడు.

ఒక్క పేజీ మీద మాత్రం రాజీ కుదరలేదు: జతలో ఒకటి చస్తే రెండోది తిండి మానేసే పేజీ. బండమోతు పోతే మిణుకు ఇంకో వీపు వెతుక్కుంటుందని ఆయన. వెతుక్కోదని ఆమె. బస్టాండు దాకా అదే గొడవ. బస్సెక్కేముందు ఆమె ఒక మెట్టు దిగింది: రెండు రకాల మిణుకులుంటాయని రాస్తుంది, వెతుక్కునేవి కొన్ని, వెతుక్కోనివి కొన్ని.

“అయితే ఏ రకం ఎక్కువ పిల్లల్ని కంటదో అది గూడ రాయి,” అన్నాడు మామ, కిటికీ దగ్గర నిలబడి.